ఖాళీగా మిగిలిన చోట్లు: లండన్ సిటీలో ఆరు రోజులు

ఆదివారం

ఆదివారం పొద్దున లండన్ సిటీలో మనిషి కనపడడు. లండన్ మహానగరం వేరు, సిటీ వేరు. రోమన్లు థేమ్స్ ఒడ్డున గోడ కట్టుకుని కాపురమున్న పాత ఊరినే ఇక్కడ సిటీ అంటారు. విస్తీర్ణం చదరపు మైలు కంటే కాస్త ఎక్కువ. అందుకే 'స్క్వేర్ మైల్' అని ఇంకో పేరు. పనిదినాల్లో 6 లక్షల మందికి పైగా ఇక్కడి ఆఫీసులకు వచ్చిపోతుంటారు. రాత్రి ఇక్కడే పడుకునేవాళ్ళు 2021 జనాభా లెక్కల్లో 10 వేల మంది కూడా లేరు. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, వాటి మధ్యలో బండి దూరని సందులు, సందుకో చర్చి.

ఇంత ఇరుకు ఊళ్ళో చిన్నవీ పెద్దవీ కలిపి 376 ఖాళీ జాగాలు ఉన్నాయని చదివాను. అన్నీ కలిపితే 32 హెక్టార్లు, అంటే దాదాపు 80 ఎకరాలు. మా వైపు ఒక మోస్తరు రైతు కుటుంబాలు నాలుగు కలిస్తే అంత భూమి ఉంటుంది. దాన్ని 376 ముక్కలు చేసి చూడండి. ఒక్కోటి ఇంటి పెరడంత. వాటినే పాకెట్ పార్కులు అంటున్నారు.

నాకు ఇవి చూడాలని ఎందుకు పట్టుకుందంటే, మాది బందరు. సోషల్ టీచరుగా రిటైరయ్యాక పొద్దున్నే నడిచే నలుగురం కలిసి మా వీధి చివర నాలుగు రోడ్లు కలిసే చోట ఉన్న సెంటున్నర జాగాలో చిన్న పార్కు చేద్దామనుకున్నాం. చందాలు వేసుకున్నాం, కానుగ మొక్కలు, నాలుగు సిమెంటు బెంచీలు మాట్లాడుకున్నాం. మొక్కలు దిగేలోపే అక్కడ రేకుల షెడ్డు లేచింది. ఎవరిదో, ఎలా లేచిందో ఎవరూ చెప్పలేదు. ఆ బాధ నాకింకా పోలేదు. అందుకే ఈ ఊళ్ళో ప్రతి చోటా ఒకటే ప్రశ్న అడగాలని వచ్చాను: ఇక్కడ ఎవరూ ఏమీ కట్టకుండా ఎలా ఆగారు?

అబ్బాయి ఉండేది ఈస్ట్ హామ్‌లో. వాణ్ణి వెంటబెట్టుకుని డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కితే నేరుగా టవర్ హిల్. స్టేషన్ నుంచి మూడు నిమిషాల నడకలో సీథింగ్ లేన్ గార్డెన్. సన్నగా పొడవుగా ఉంది. సామ్యూల్ పెపిస్ అనే నౌకాదళ కార్యాలయ ఉద్యోగి విగ్రహం, ఆయన జీవితంలోని సంగతులు బొమ్మలుగా చెక్కిన రాళ్ళు, గులాబీలు ఉన్నాయి. 1666లో లండన్ తగలబడుతుంటే ఈయన ఈ చుట్టుపక్కల తోటలోనే గొయ్యి తీసి వైన్ సీసాలూ పర్మేజాన్ చీజూ పాతిపెట్టాడట.

నాకు మాత్రం గులాబీల కథ నచ్చింది. 14వ శతాబ్దంలో ఈ సందులో సర్ రాబర్ట్ నోలిస్ అనే సైన్యాధికారి ఇల్లు ఉండేది. ఆయన యుద్ధాలకు వెళ్ళినప్పుడు ఇల్లు చూసుకునేది భార్య. వాళ్ళ ఇంటి ఎదురుగా ధాన్యం నూర్చే కళ్ళం. తూర్పార పడితే పొట్టూ దుమ్మూ ఇంట్లోకి. ఆవిడ ఆ కళ్ళం కొనేసి గులాబీ తోట వేయించింది. సందులో బురద తొక్కకుండా దాటాలని ఇంటి నుంచి తోటకి చిన్న వంతెన కూడా కట్టించింది, పర్మిషన్ తీసుకోకుండా. ఊరి పెద్దలు 1381లో జరిమానా వేశారు: ఏటా ఆ తోటలో పూసిన ఒక్క ఎర్ర గులాబీని లార్డ్ మేయర్‌కి ఇవ్వాలి. ఆ ఇల్లూ వంతెనా ఎప్పుడో పోయాయి. గులాబీ మాత్రం ఇప్పటికీ ప్రతి జూన్‌లో దిండు మీద పెట్టుకుని ఊరేగింపుగా తీసుకెళ్ళి మేయర్ చేతికిస్తారు.

"వంతెనకి ఫైన్ వేశారు గానీ తోట పీకించలేదు చూశావా" అన్నాను.

"అమ్మా, నువ్వు మళ్ళీ ఆ షెడ్డు దగ్గరికే వెళ్ళావు" అన్నాడు వాడు. నిజమే.

అక్కడి నుంచి పది నిమిషాల్లోపే సెయింట్ డన్‌స్టన్ ఇన్ ది ఈస్ట్. ఫోటోల్లో చాలాసార్లు చూసిందే, అయినా లోపల కాలు పెట్టగానే నోట మాట రాలేదు. కప్పు లేని చర్చి. ఎత్తైన కిటికీలకు అద్దాలు లేవు, వాటిలోంచి తీగలు లోపలికి పాకి ఉన్నాయి. ప్రార్థనకి జనం నిలబడే చోట చిన్న ఫౌంటెన్, చుట్టూ బెంచీలు. 1666 మంటల్లో దెబ్బతిన్న చర్చికి క్రిస్టఫర్ రెన్ అనే వాస్తుశిల్పి కొత్త గోపురం కట్టాడు. నాలుగు రాతి చేతుల మీద సూదిలా నిలబడిన ఆ శిఖరం అలాగే ఉంది. 1941 బాంబు దాడుల్లో మిగతా చర్చి పోయి గోపురమూ బయటి గోడలూ మిగిలాయి. యుద్ధం అయ్యాక తిరిగి కట్టలేదు. 1967లో ఈ శిథిలాన్ని ఉన్నది ఉన్నట్టు తోట చెయ్యాలని సిటీ కార్పొరేషన్ నిర్ణయించింది.

గోడ పగుళ్ళని సిమెంటుతో పూడ్చి కొత్తగా మెరిపించలేదు. పగుళ్ళు పగుళ్ళలాగే ఉన్నాయి, పడిపోకుండా చూసుకున్నారంతే. ఆ పని చేసినవాళ్ళకి నా నమస్కారం. పాతదాన్ని బాగుచెయ్యడమంటే రంగులు వెయ్యడం కాదని తెలిసినవాళ్ళు.

సోమవారం

ఒక్కదాన్నే బయల్దేరాను. కోడలు పొద్దున్నే ఆఫీసుకి వెళ్తూ ఫోన్‌లో దారి పెట్టి ఇచ్చింది. "మాన్షన్ హౌస్‌లో దిగండి అత్తయ్యా, టెన్షన్ పడకండి, తప్పిపోతే నాకు ఫోన్ చెయ్యండి" అని మూడుసార్లు చెప్పింది. వాళ్ళ ఆఫీసు కానన్ స్ట్రీట్ దగ్గరే.

తప్పిపోలేదు గానీ గార్డెన్ ముందు నుంచే రెండుసార్లు నడిచి వెళ్ళిపోయాను. క్వీన్ విక్టోరియా స్ట్రీట్ మీద బస్సులూ లారీలూ హోరెత్తుతుంటే, రోడ్డు పక్కన చిన్న గేటు. లోపలికి వెళ్తే మెట్లు మెట్లుగా కిందికి దిగే తోట. రెండో అంతస్తు దిగేసరికి రోడ్డు చప్పుడు తగ్గింది, మూడో దాని దగ్గర పిట్ట గొంతు వినపడింది. దీని పేరు క్లియరీ గార్డెన్.

ఈ నేల కింద రోమన్ల కాలపు స్నానశాల గోడలున్నాయి. ఆ పైన కొన్ని వందల ఏళ్ళ పాటు ఇళ్ళూ నేలమాళిగలూ. జర్మన్ బాంబులకి ఇళ్ళు కూలి, మాళిగలు ఆకాశానికి తెరుచుకున్నాయి. 1940ల సంగతి ఇది. తిండి, బట్టలు కూడా రేషన్‌లో కొనుక్కుంటున్న ఆ రోజుల్లో, సిటీలో పనిచేసే జోసెఫ్ బ్రాండిస్ అనే ఆయన ఈ గుంట చూసి తోట చేద్దామనుకున్నాడు. ఇటుక ముక్కల్లో మొక్క బతకదు కదా. థేమ్స్ ఒడ్డుకు వెళ్ళి ఒండ్రు తెచ్చాడు. అదీ చాలక వాల్తమ్‌స్టోలో తన ఇంటి పెరట్లో మట్టి తవ్వి ఇక్కడికి మోసుకొచ్చాడు. వాల్తమ్‌స్టో ఇక్కడికి పది కిలోమీటర్ల పైనే ఉంటుంది. 1949 జూలై 26న అప్పటి రాణి ఎలిజబెత్, ఇటీవల పోయిన రాణి గారి తల్లి, ఈ తోట చూడడానికి వచ్చింది.

బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఆయన గురించే ఆలోచించాను. మన పెరట్లో మట్టి తీసి ఊరి తోటలో పొయ్యడం! పెరట్లో గొయ్యి పడుతుంది. ఇంట్లోవాళ్ళు ఏమని ఉంటారు? సంచిలో తెచ్చి ఉంటాడా, రైల్లో తెచ్చి ఉంటాడా? మట్టి బరువు మోసినవాళ్ళకే తెలుస్తుంది. మా మేడ మీద కుండీలకి నాలుగు తట్టల ఎర్రమట్టి ఎక్కించేసరికి నాకు నడుం పట్టేసింది.

తోట పేరులో ఉన్న ఫ్రెడ్ క్లియరీ వేరే ఆయన. పాత భవనాలు కొని బాగుచేయించే వ్యాపారం చేసేవాడు. 1970ల్లో సిటీలో చెట్లు నాటించడానికీ, మూలమూలకీ చిన్న తోటలు వేయించడానికీ పట్టుబట్టి తిరిగాడు. మొదటాయన మట్టి మోశాడు, రెండో ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి ఫైళ్ళు కదిలించాడు. రెండో పని తేలికని నేను అనుకోను. మా సెంటున్నర జాగాకి అలా తిరిగే మనిషి ఒక్కరుంటే చాలేది.

పన్నెండు దాటగానే తోట నిండింది. ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు, బెంచీకి ముగ్గురు చొప్పున, మెట్ల మీద, గోడ అంచుల మీద. సూటు వేసుకున్నాయన బూట్లు విప్పి గడ్డిలో కాళ్ళు పెట్టాడు. ఒకటిన్నరకల్లా ఎవరి డబ్బా వాళ్ళు, ఎవరి కాగితం వాళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు. నేల మీద ఒక్క పొట్లం లేదు.

మంగళవారం

రోజంతా వాన. ఇంట్లోనే ఉన్నాను. ఈస్ట్ హామ్ హై స్ట్రీట్‌లో గోంగూర దొరికితే పచ్చడి చేశాను.

బుధవారం

వాన వెలిసింది గానీ బెంచీలు తడిగా ఉన్నాయి. కోడలు ఇచ్చిన ప్లాస్టిక్ కవరు వేసుకుని కూర్చున్నాను.

మాన్షన్ హౌస్‌లో దిగి చీప్‌సైడ్ మీదకి నడిచాను. వుడ్ స్ట్రీట్ మలుపులో పెద్ద ప్లేన్ చెట్టు. చుట్టూ గాజు ఆఫీసులు లేస్తే, చెట్టు ముందున్న మూడు చిన్న దుకాణాలు మాత్రం పొట్టిగా అలాగే ఉన్నాయి. వాటి మీద అంతస్తు వెయ్యకూడదని, చెట్టు కొట్టకూడదని లీజు కాగితాల్లోనే రాసి ఉందంటారు. ఆ చెట్టున్న గోరంత జాగా ఒకప్పటి చర్చి ఆవరణ. 1666 మంటల్లో సిటీలో 87 చర్చిలు కాలిపోతే అన్నిటినీ తిరిగి కట్టలేకపోయారు. ఈ చర్చి ఆ కట్టనివాటిలో ఒకటి. చర్చి పోయినా సమాధుల నేల కాబట్టి దాని మీద దుకాణం పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. సిటీలో సందు తిరిగితే కనపడే చిన్న చిన్న తోటల్లో చాలా వాటి పుట్టుక ఇదే. దేవుడి నేల, చచ్చిపోయినవాళ్ళ నేల. అలా మిగిలాయి.

ప్లేన్ చెట్టుని ఇక్కడ ఎందుకంత నమ్ముకున్నారో దగ్గరగా చూస్తే తెలిసింది. బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతూ ఉంటుంది. బొగ్గు పొగ నిండిన రోజుల్లో మసి పట్టిన బెరడుని ఇలా వదిలేసుకుంటూ బతికింది. వేళ్ళకి పెద్దగా చోటు లేకపోయినా, చుట్టూ రాళ్ళు పరిచినా తట్టుకుంటుంది.

సెయింట్ పాల్స్ పెద్ద చర్చి వెనక్కి వెళ్తే క్రైస్ట్‌చర్చ్ గ్రేఫ్రయర్స్. 1940 డిసెంబరు 29 రాత్రి నిప్పు బాంబులు పడి సిటీ మళ్ళీ 1666లాగా మండిపోయింది. ఆ రాత్రి ఈ చర్చి కాలిపోయింది. మంటల్లో ఒక పోస్ట్‌మన్ లోపలికి పరిగెత్తి, పిల్లలకి బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టి మీది చెక్క మూతని బయటికి తెచ్చాడట. ఆయన పేరు ఎవరికీ తెలియదు. చర్చి మళ్ళీ కట్టలేదు. పైగా తర్వాత రోడ్డు వెడల్పు చెయ్యడానికి తూర్పు గోడ కూడా తీసేశారు. 1989లో లోపల గులాబీ తోట వేశారు.

ఈ తోట వేసినవాళ్ళ తెలివికి నేను నిలబడి మెచ్చుకున్నాను. జనం కూర్చునే బల్లల వరసలు ఉండాల్సిన చోట కత్తిరించిన పొదలు వరసలుగా పెంచారు. రాతి స్తంభాలున్న చోట చెక్క స్తంభాలు నిలబెట్టి వాటికి తీగ గులాబీలు పాకించారు. మధ్య దారిలో నడుస్తుంటే మనం చర్చి లోపల నడుస్తున్నట్టే ఉంటుంది, పైన మాత్రం మబ్బులు. చరిత్ర గురించి ఒక్క బోర్డు చదవకపోయినా కాళ్ళకి తెలిసిపోతుంది. నేను ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పాను. ఇంత బాగా ఏ పాఠమూ చెప్పలేదు.

రోడ్డు దాటి రెండు నిమిషాలు నడిస్తే పోస్ట్‌మన్స్ పార్క్. పక్కనే జనరల్ పోస్టాఫీసు ఉండేది. దాని ఉద్యోగులు మధ్యాహ్నం అన్నాలకి ఇక్కడికి వచ్చేవాళ్ళు కాబట్టి ఆ పేరు. 1880లో పార్కుగా తెరిచారు. అంతకు ముందు సమాధులు. 1850ల్లో ఊరి మధ్య పూడ్చిపెట్టడం ఆపేసే చట్టాలు వచ్చాక ఇలాంటివి మూతపడి పాడుబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటీ తోటలయ్యాయి. పార్కు చుట్టూ ఉన్న వీధుల కంటే ఎత్తుగా ఉంది. ఎందుకంటే పూడ్చడానికి చోటు చాలక, శవాలను నేల మీదే పెట్టి పైన మట్టి పోసేవాళ్ళు. అలా నేల పెరుగుతూ వచ్చింది. అది తెలిశాక మెట్టెక్కేటప్పుడు అడుగు మెల్లగా పడింది.

లోపల ఒక పంచ, దాని గోడకి పింగాణీ పలకలు. ఇతరులను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న మామూలు మనుషుల పేర్లు వాటి మీద ఉంటాయి. చిత్రకారుడు జి.ఎఫ్. వాట్స్ ఆలోచన ఇది. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి ఇలాంటిది కట్టమని పత్రికకి ఉత్తరం రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 13 ఏళ్ళకి, 1900 జూలై 30న, ఇక్కడ తెరిచారు. ఆయన పోయాక భార్య మేరీ ఆ పని కొనసాగించింది.

పలకలన్నీ చదివాను. తాపీ కూలీ కూతురు ఆలిస్ ఎయిర్స్, 1885లో మంటల్లో చిక్కుకున్న ఇంట్లోంచి ముగ్గురు పిల్లల్ని కాపాడి తాను పోయింది. నాటకాల్లో వేషం వేసే సారా స్మిత్, తోటి నటికి నిప్పంటుకుంటే ఆర్పబోయి తానే కాలిపోయింది. ఓడలో పనిచేసే మేరీ రోజర్స్, ఓడ మునుగుతుంటే తన లైఫ్ బెల్ట్ ఇంకొకరికి ఇచ్చేసింది. చివరి పలక లీ పిట్‌ది, 2007లో కాలవలో పడ్డ పిల్లవాణ్ణి కాపాడి తాను పోయిన యువకుడు. కన్నీళ్ళాగలేదు. పక్క బెంచీ మీద శాండ్‌విచ్ తింటున్న పెద్దాయన ఏమీ అడక్కుండా టిష్యూ ప్యాకెట్ నా వైపు జరిపాడు.

గురువారం

ఆల్డ్‌గేట్ ఈస్ట్‌లో దిగాను. ఇప్పటిదాకా చూసినవన్నీ ప్రమాదాలు మిగిల్చిన ఖాళీలు. ఇవాళ చూసింది మాత్రం కావాలని చేసిన ఖాళీ. సిటీ గోడకి తూర్పు ద్వారం ఆల్డ్‌గేట్. ఇక్కడ రోడ్లన్నీ కలిపి వాహనాలు గుండ్రంగా తిరిగేలా పెద్ద చుట్టు రోడ్డు వేశారు. ఒక వైపు సెయింట్ బోటాల్ఫ్ చర్చి, ఎదురుగా ప్రైమరీ స్కూలు, మధ్యలో ఆగకుండా కార్లు. నడిచేవాళ్ళు రోడ్డు కింద సొరంగాల్లోంచి పోవాలి. కొన్నేళ్ళ పాటు పనిచేసి ఆ చుట్టు రోడ్డు తీసేశారు. బళ్ళని మామూలు రెండు వైపుల రోడ్డు మీదకి మళ్ళించి, స్కూలుకీ చర్చికీ మధ్య మిగిలిన జాగాని 2018 జూన్‌లో ఆల్డ్‌గేట్ స్క్వేర్‌గా తెరిచారు.

గడ్డి, చెట్లు, కూర్చోవడానికి గట్లు, నేలలోంచి ఎగసే నీళ్ళు. బడి వదిలే వేళకి వెళ్ళాను. పిల్లలు బ్యాగులు అమ్మల చేతుల్లో పడేసి నీళ్ళలోకి పరుగు. కార్లు తిరిగిన చోట! యుద్ధం రాకుండా, మంట రాకుండా, ఊరే కూర్చుని ఆలోచించి రోడ్డుని తోట చేసింది. మిగతా తోటలంత అందంగా లేదు నిజమే, చెట్లు ఇంకా చిన్నవి, రాతి పరుపు ఎక్కువైంది. అయినా వారమంతా తిరిగినవాటిలో నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది ఇదే.

అక్కడి నుంచి లెడన్‌హాల్ స్ట్రీట్ దాకా నడిచాను. ఇప్పుడు లాయిడ్స్ అనే ఇన్సూరెన్స్ సంస్థ భవనం ఉన్న చోట ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయం. 1861లో పడగొట్టారు. ఆ కంపెనీ 1611లో మా బందర్లో దిగింది. మా దగ్గర అద్దిన బట్టలు ఓడలెక్కి ఈ ఊరికే వచ్చాయి. పైపులన్నీ బయటికి పెట్టుకున్న ఆ స్టీలు భవనం ముందు కాసేపు నిలబడ్డాను. కూర్చుందామంటే అక్కడ ఒక్క బెంచీ కనపడలేదు.

శుక్రవారం

ఇవాళ ఎక్కడికని కోడలు అడిగితే మళ్ళీ క్లియరీ గార్డెన్‌కే అన్నాను. "అక్కడ ఏముంది అత్తయ్యా? నేను మూడేళ్ళుగా ఆ రోడ్డు మీద నడుస్తున్నా, ఎప్పుడూ చూడలేదు" అంది. అయితే భోజనానికి నువ్వే రా అన్నాను. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాను.

పదకొండు గంటలకి తోటమాలి ఒకావిడ మడి తవ్వుతోంది. ఫోర్కు దిగినప్పుడల్లా టంగుమని శబ్దం. మన్ను తిరగేస్తే ఎర్ర ఇటుక ముక్కలు, గాజు పెంకులు. వాటిని ఏరి బకెట్లో వేస్తోంది. వచ్చీరాని ఇంగ్లీషులో ఎప్పుడూ ఇలాగేనా అని అడిగాను. ఎప్పుడూ ఇలాగేనని నవ్వింది. బ్రాండిస్ మట్టిలో ఎంత మిగిలి ఉందో గానీ ఆ మడి నల్లగా, చల్లగా, పిడికిట్లో ముద్దయ్యేలా ఉంది. అడిగి ముట్టుకున్నాను.

కోడలు పన్నెండున్నరకి వచ్చింది. మెట్ల మీద నిలబడి కిందికి చూసి, "ఇదెప్పుడు పెట్టారు?" అంది. పెట్టి ఎనభై ఏళ్ళయిందన్నాను. పులిహోర తింటూ మట్టి మోసినాయన కథ మొత్తం చెప్పాను. ఫోన్ మోగితే తీసి చూసి బోర్లించి పక్కన పెట్టేసింది. కళ్ళం కొన్న ఆవిడ కథా, పోస్ట్‌మన్ కథా కూడా చెప్పించుకుంది. ఒంటిగంటన్నర అయిపోయింది.

"మీరు కూర్చోండి అత్తయ్యా, ఐదింటికి వచ్చి తీసుకెళ్తా" అని డబ్బా మూత పెట్టి లేచింది. రెండు మెట్లెక్కి మళ్ళీ వెనక్కి వచ్చి, "ఆ షెడ్డు జాగా సర్వే నంబరు మీ దగ్గరుందా?" అని అడిగింది. ఉందన్నాను. వాట్సాప్‌లో పెట్టమంది.

ఖాళీ అయిన సగం బెంచీలో ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. నా సంచి ఇటు జరుపుకున్నాను.